అమెరికాలో ప్రభుత్వ బడి చదువు అందరికీ ఉచితంగా ఎలా అందింది? ఆ ఘనత ఎవరిది?

ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానాలన్నీ పందొమ్మిదో శతాబ్దపు విద్యా సంస్కర్త హోరేస్ మాన్ పేరుతో మొదలై ఆయన పేరుతోనే ముగిశాయి. ఆయన గొప్పవాడే, కాదనను. అయితే పదమూడేళ్ళుగా ఇక్కడ ఉంటూ, ఒక పిల్లను మూడో తరగతి నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడిలోనే చదివించినవాడిగా, ఆయనకంటే ముందు ఒక కరెంటు బిల్లు సంగతి చెప్పాలనుకుంటున్నాను.

2012 ఆగస్టులో హెచ్1బి వీసా మీద డాలస్ ఉత్తర శివార్లలో దిగిన పదో రోజున మా అమ్మాయిని చేర్పించడానికి బడి ఆఫీసుకు వెళ్ళాను. హైదరాబాదులో ఎల్‌కేజీ సీటు కోసం భార్యాభర్తలం ఇద్దరం ఇంటర్వ్యూకు కూర్చున్న అనుభవం ఉంది కనుక లావుపాటి నీలం ఫైలు ఒకటి చంకన పెట్టుకుని బయలుదేరాను. అందులో టీసీ, ప్రోగ్రెస్ కార్డులు, పాస్‌పోర్టులు, వీసా ఆమోదపత్రం, నా ఆఫర్ లెటర్, చివరికి నా ఇంజనీరింగు పట్టా కూడా ఉన్నాయి. కౌంటరు దగ్గరున్న పెద్దావిడ ఆ ఫైలును తనవైపు తిప్పుకుని, పుట్టిన తేదీ పత్రాన్నీ టీకాల కార్డునూ మాత్రం బయటకు తీసి, మిగిలిన కట్టను ఉన్నదున్నట్టు నా ముందుకు జరిపేశారు. తరవాత కరెంటు బిల్లు తెచ్చారా అని అడిగారు. తేలేదు. ఆవిడ అడగకపోయినా, నమ్మకం కలుగుతుందని, పాస్‌పోర్టులో వీసా పేజీ తెరిచి చూపబోయాను. ఆవిడ ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి, అది తనకు అక్కర్లేదని, దయచేసి లోపల పెట్టుకోమని మెల్లగా చెప్పారు. ఫీజు ఎంతని అడిగినప్పుడు మాత్రం నా ఇంగ్లీషు అర్థం కానట్టు చూశారు.

మరునాడు కరెంటు కనెక్షన్ కాగితమూ అపార్టుమెంటు అద్దె ఒప్పందమూ పట్టుకెళ్తే, ఆవిడ పసుపు గీత గీసిన ఒక మ్యాపును బల్ల మీద పరిచారు. మా బాల్కనీలోంచి కనిపించే బడి, గంట కొడితే మా వంటింట్లోకి వినిపించే బడి, రోడ్డుకు అవతల ఉంది కనుక మరో స్కూల్ డిస్ట్రిక్టుకు, అంటే సొంత ఆస్తిపన్నుతో తన పరిధిలోని బడులను నడుపుకునే మరో ప్రాంతానికి, చెందుతుందట. మా అమ్మాయి వెళ్ళవలసిన బడి రెండు మైళ్ళు దాటి ఉంది, బస్సు వస్తుంది. వీసా అక్కర్లేని చోట, మార్కులు అక్కర్లేని చోట, డబ్బు అక్కర్లేని చోట, అడ్రసు ఒక్కటే మా పిల్ల చదువును నిర్ణయించింది. ఈ దేశపు బడుల చరిత్ర మొత్తం ఆ పసుపు గీతలోనే ఉందని నేను నమ్ముతాను. ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను.

అమెరికా రాజ్యాంగంలో విద్య అనే మాటే లేదు. బడి అనేది మొదటి నుంచీ ఊరి వ్యవహారం. 1647లో మసాచుసెట్స్ కాలనీ చేసిన చట్టం ప్రకారం, 50 గడపలున్న ప్రతి ఊరూ చదవడం, రాయడం నేర్పే ఒక పంతులును పెట్టుకోవాలి. 100 గడపలుంటే లాటిన్ నేర్పే గ్రామర్ స్కూలు నడపాలి. పిల్లలకు చదువు రాకపోతే బైబిలు వారికి అందకుండా సైతాను అడ్డుపడతాడని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఉద్దేశం ఏదైనా, లెక్క గడపలతో మొదలైందన్నది గమనించవలసిన విషయం. 1785లో పడమటి భూములను కొలిచినప్పుడు ఆరు మైళ్ళ చదరపు టౌన్‌షిప్పును 36 ముక్కలు చేసి, వాటిలో 16వ ముక్కను, అంటే 640 ఎకరాలను, ఆ ఊరి బడి ఖర్చుకు కేటాయించారు. మన వైపు గుడికి మాన్యం రాసినట్టు ఇక్కడ బడికి మాన్యం రాశారన్నమాట. మా టెక్సస్ అయితే స్వతంత్ర దేశంగా ఉన్న 1839లోనే ప్రతి కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి విభాగంలో, మూడు లీగుల (సుమారు 13,000 ఎకరాల) భూమిని బడుల కోసం పక్కన పెట్టింది.

హోరేస్ మాన్ ఈ కథలోకి 1837లో వచ్చాడు. మసాచుసెట్స్ విద్యామండలికి మొదటి కార్యదర్శిగా పన్నెండేళ్ళు పనిచేసి, ఏటా ఒక నివేదిక రాశాడు. 1839లో లెక్సింగ్టన్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల తెరిపించాడు. 1843లో ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) బడులు చూసివచ్చాడు. అయితే నా దృష్టిలో ఆయన గెలిచిన అసలు వాదం ఒక్కటే: పిల్లలు లేనివాడు కూడా బడికి పన్ను కట్టాలి. అప్పట్లో చాలా చోట్ల పిల్లవాడు ఎన్ని రోజులు బడికి వస్తే అన్ని రోజులకు తల్లిదండ్రుల దగ్గర డబ్బు వసూలు చేసేవారు. న్యూయార్క్ రాష్ట్రం ఆ పద్ధతిని పూర్తిగా వదిలించుకోవడానికి 1867 దాకా పట్టింది. పిల్లలను బడికి పంపి తీరాలన్న చట్టం 1852లో మసాచుసెట్స్‌లో మొదలై, 1918లో మిసిసిపీతో అన్ని రాష్ట్రాలకూ చేరింది.

మా అమ్మాయి ఎక్కిన పసుపు బస్సుకు కూడా ఇందులో పాత్ర ఉంది. 1939లో ఫ్రాంక్ సైర్ అనే ఆచార్యుడు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఏర్పాటు చేసిన సమావేశంలో ఆ రంగును ఖాయం చేశారు. ఆ రోజుల్లో దేశంలో దాదాపు 1,17,000 స్కూల్ డిస్ట్రిక్టులు ఉండేవి. ఇప్పుడు సుమారు 13,000 ఉన్నాయి. పిల్లలను దూరం నుంచి తెచ్చే బస్సు వచ్చాక ఒంటిగది బడులు మూతపడ్డాయి, చిన్న డిస్ట్రిక్టులు కలిసిపోయాయి. గీతలు తగ్గాయి కానీ చెరిగిపోలేదు.

ఆ గీతకు ఇవతల నల్లవారి పిల్లలకు వేరే బడి పెట్టడం 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో చెల్లకుండా పోయింది. ఆ తీర్పులో కలిసిన కేసుల్లో వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీది ఒకటి. 1951లో బార్బరా జాన్స్ అనే పదహారేళ్ళ విద్యార్థిని తమ బడి దుస్థితి మీద నడిపిన సమ్మెతో అది పుట్టింది. పిల్లలను కలిపి కూర్చోబెట్టమని కోర్టు ఒత్తిడి చేసేసరికి ఆ కౌంటీ 1959లో ప్రభుత్వ బడులన్నిటికీ తాళం వేసి, 1964 దాకా తెరవలేదు. తెల్లవారి పిల్లలు ప్రైవేటు అకాడమీకి పోయారు. నల్లవారి పిల్లల్లో చాలామందికి ఐదేళ్ళ చదువు పోయింది. ఊరి చేతిలో బడి ఉండటం ఎంత గొప్పో వర్ణించేవారు ఈ ఐదేళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

డబ్బు సంగతి మా రాష్ట్రంలోనే తేలింది. శాన్ ఆంటోనియోలోని పేద డిస్ట్రిక్టు ఎడ్జ్‌వుడ్‌లో 1967-68లో వంద డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల పన్ను కట్టేవారు. అదే నగరంలోని సంపన్నమైన అలమో హైట్స్‌లో 0.85 డాలర్లు కట్టేవారు. ఎక్కువ రేటు కట్టిన ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లవాడికి, అన్ని నిధులూ కలిపి, 356 డాలర్లు దక్కితే, తక్కువ రేటు కట్టిన అలమో హైట్స్‌లో 594 దక్కాయి. తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, ఇది సమాఖ్య రాజ్యాంగానికి విరుద్ధం కాదని తేల్చింది. మరుసటి ఏడాదే డెట్రాయిట్ కేసులో, నల్లవారి పిల్లలనూ తెల్లవారి పిల్లలనూ కలపడానికి శివారు డిస్ట్రిక్టుల గీతలు దాటించనక్కర్లేదని అదే 5-4 తేడాతో చెప్పింది. టెక్సస్ సుప్రీంకోర్టు 1989లో ఎడ్జ్‌వుడ్ పక్షాన తీర్పు ఇచ్చాక, 1993 నుంచి సంపన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత రాష్ట్రం వెనక్కి తీసుకుంటోంది.

కౌంటరు దగ్గర ఆవిడ అరచెయ్యి అడ్డుపెట్టడానికి కారణం కూడా నాకు ఏళ్ళ తరవాత తెలిసింది. 1975లో టెక్సస్, దేశంలో ఉండటానికి అనుమతి పత్రాలు లేని పిల్లల చదువుకు నిధులు ఆపేసింది. 1977లో టైలర్ అనే ఊరి డిస్ట్రిక్టు అలాంటి పిల్లలు ఏడాదికి 1,000 డాలర్ల ఫీజు కట్టాలంది. నాలుగు కుటుంబాలు వేసిన కేసులో 1982లో సుప్రీంకోర్టు ఆ రెండూ చెల్లవన్నది. మా ఇంటికి రెండు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, మెక్సికో నుంచి వచ్చిన కూలీలు పోరాడి సాధించిన మర్యాద అది. దాన్ని నేను ఇంజనీరింగు పట్టా చేత్తో పట్టుకుని, ఏమీ తెలియకుండా అనుభవించాను.

మనవాళ్ళ గురించి కూడా ఒక మాట అనక తప్పదు. ఇల్లు కొనేటప్పుడు వాస్తు కంటే ముందు ఆ బడికి పదికి ఎన్ని మార్కులున్నాయో వెబ్‌సైటులో చూస్తాం. తొమ్మిది ఉంటే లక్ష డాలర్లు ఎక్కువైనా పెడతాం. ఏడున్న బడిని వాట్సాప్ గ్రూపులో జాలిగా తలుచుకుంటాం. మా అమ్మాయి చదివింది ఏడున్న బడిలోనే. అక్కడి టీచరమ్మ దాని యాస సరిచేయకుండా ఇంగ్లీషు నేర్పింది. తీరా గీత లోపల స్థలం దొరికాక, పన్ను దగ్గర మాత్రం గొణుగుతాం. మా వీధిలో ఉండే తెలుగు పెద్దమనిషి, తన పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో చేరాక ఇంకా బడి పన్ను ఎందుకు కట్టాలని నాతో ప్రతి శీతాకాలమూ వాదిస్తారు. నేను హోరేస్ మాన్ పేరు ఎత్తితే, ఆయన ఏ డిస్ట్రిక్టువాడని అడిగారు.

మేము ఇల్లు కొన్నది 2016లో. ఏటా అక్టోబరులో వచ్చే ఆ పన్ను బిల్లులో నగరం, కౌంటీ, కాలేజీ, బడి అని వేర్వేరు వరుసలుంటాయి. బడి వాటాయే అన్నిటికంటే పెద్దది, గడువు జనవరి 31. మా అమ్మాయి బడి చదువు ముగించి మూడేళ్ళయింది.