ఎలుగు వచ్చింది కోళ్ల కోసం కాకపోవచ్చు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. బెంగళూరు దగ్గర కనకపుర రోడ్డులో కగ్గలీపుర దాటాక మీకు పది గుంటల స్థలం, ఇల్లు, పెరట్లో పాతిక నాటుకోళ్లు ఉన్నాయి. వారం కింద గూడు పక్కన ఎలుగుబంటి అడుగులు కనిపించాయి, దాణా బస్తా చిరిగి ఉంది. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు కరెంటు కంచె వేయించమంటున్నాడు. పక్కతోట ఆయన పటాకులు కాల్చమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మేము అదే రోడ్డులో హారోహళ్లి వైపు తొమ్మిదేళ్లుగా ఉంటున్నాం. మా సొంత ఊరు అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆ గుట్టల్లోంచి ఎలుగ్గొడ్లు ఊళ్లోకి దిగడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని. కాబట్టి వాటి సంగతి నాకు తెలుసనుకున్నాను. తెలియదని ఇక్కడ మొదటి వానాకాలంలోనే తేలిపోయింది.

మొదటి గూడు మా ఆయన సొంతంగా కట్టాడు. ఇల్లు కట్టగా మిగిలిన సెంట్రింగ్ చెక్కలు, ఒక పాత తలుపు, పైన రేకు, ముందు కోళ్ల జాలి. పునాది అంటూ లేదు, నేల మీదే నిలబెట్టాడు. చూడముచ్చటగానే ఉండేది. జూన్‌లో రెండు వానలు పడ్డాక ఒక రాత్రి మూడున్నరకి కోళ్లు గోల పెట్టాయి. మా ఆయన టార్చి తీసుకుని బయలుదేరితే నేనే చెయ్యి పట్టి ఆపాను. కాసేపటికి గోల సద్దుమణిగింది. ఆదివారం కదా అని మళ్లీ ఏడింటి దాకా నిద్రపోయాం. లేచి చూస్తే గూడు వెనక మూల చెక్కలు ఊడిపోయి ఉన్నాయి, వాటి కింద మోకాలి లోతు గొయ్యి. లోపల మూడు పెట్టలు చచ్చిపడి ఉన్నాయి. తడి మట్టిలో అచ్చం మనిషి పాదంలాంటి అడుగులు, వేళ్లకు ముందు పొడుగాటి గోళ్ల గుర్తులు. ఎలుగుబంటి మా కోళ్లను చంపేసిందని చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను.

మా దగ్గర తోటపని చేసే పెద్దాయన వచ్చి అంతా చూసి, "కరడి కోళి తిన్నల్ల అమ్మా" అన్నాడు కన్నడంలో, ఎలుగు కోడిని తినదమ్మా అని. చచ్చిన పెట్టను తిప్పి మెడ చూపించాడు. మెడ దగ్గర చిన్న చిన్న పంటి గాట్లు, మిగతా ఒళ్లంతా చెక్కుచెదరలేదు. అది ముంగిస పని. ఊడిన చెక్కను విరిచి చూపిస్తే లోపలంతా చెదలు. జరిగింది ఏమిటంటే, ఎలుగు చెదల వాసన పట్టి వచ్చింది, చెక్క పీకింది, కింద తవ్వింది, తిన్నంత తిని పోయింది. తెల్లారాక ఆ కంతలోంచి ముంగిస దూరింది. మా చెక్కముక్కల పొదుపు ఒకదానికి పిలుపు, ఇంకోదానికి దారి అయింది.

మన ఎలుగుబంటి తిండే వేరు. స్లాత్ బేర్ అంటారు దీన్ని. చెదలు, చీమలు, తేనె, పండ్లు, ఇవే దాని బతుకుతెరువు. పై దవడలో ముందు పళ్లు మధ్యవి రెండు ఉండవు. ఆ సందులోంచి, పెదాలు గొట్టంలా చాచి, పుట్టలోని చెదలను పీల్చుకుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్లు దాటినా వినిపిస్తుంది. బావిలో నీళ్లు అయిపోయాక మోటారు గాలి పీలుస్తుంది చూడండి, అట్లా ఉంటుంది. దొరికితే గుడ్లు, చచ్చిన జంతువు మాంసం కూడా ముట్టుకుంటుంది కాబట్టి కోళ్ల జోలికి ఎప్పటికీ రాదని రాసివ్వలేను. కానీ పనిగట్టుకుని కోళ్ల వేటకు వచ్చే రకం కాదు. మీ తమ్ముడు ఉన్న చోట తిరిగేది నల్ల ఎలుగుబంటి. అది కోళ్లనూ తింటుంది, దాణానూ తింటుంది, ఒకసారి రుచి మరిగితే అదే గూటికి మళ్లీ మళ్లీ వస్తుంది. ఆయన అక్కడి లెక్కలో చెప్పింది సరైనదే.

మీ విషయంలో చిరిగింది దాణా బస్తా కదా. అసలు సంగతి అక్కడే ఉంది. వేరుశనగ చెక్క, తవుడు, మొక్కజొన్న నూక కలిపిన బస్తాను గూడు పక్కన పెడితే మనకేమీ తెలియదు గానీ దాని ముక్కుకు అది పెళ్లి భోజనం. ఎలుగుకు చూపు, వినికిడి అంతంతమాత్రం, ముక్కు మాత్రం అద్భుతం. ముందు దాణాను ఇంట్లోకి మార్చండి. మేము క్లిప్పు మూత ఉన్న ఇనప డ్రమ్ములో పోసి స్టోర్‌రూములో పెడతాం. ప్లాస్టిక్ డ్రమ్ము గోళ్లకు ఆగదు. సాయంత్రం కోళ్లు తినగా మిగిలిన గింజలు ఊడ్చేస్తాం. చేపలు కడిగిన నీళ్లు, కోడి కోసినప్పుడు పేగులు పెరట్లో పారేసే అలవాటు మానుకున్నాం. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడుస్తాం.

ఇంకొకటి పనసచెట్టు. ఈ వైపు తోటల్లో పనస లేని తోట అరుదు. కాయ చెట్టు మీదే మాగిందంటే మే, జూన్‌లలో మీ పెరటి అడ్రసు ఆ గుట్టల్లో ఉన్న ఎలుగులన్నింటికీ తెలిసిపోయినట్టే. ముదరగానే దింపేయండి. నాకు పనస తొనలంటే ప్రాణం, అయినా చెట్టున మాగనివ్వను. కిందపడి పగిలిన కాయను ఆ పూటే ఎత్తేయాలి.

గూడు విషయానికి వస్తే, కోళ్ల జాలి అని అమ్మే ఆరు మూలల సన్న తీగ వల కోళ్లను లోపల ఆపడానికే పనికొస్తుంది, బయటి దాన్ని ఆపడానికి కాదు. కుక్క కూడా పళ్లతో చించుతుంది. రెండోసారి మేము ఇనప యాంగిళ్లతో చట్రం చేయించి, చుట్టూ, పైన కూడా అరంగుళం కన్నుల వెల్డ్‌మెష్, అంటే అతుకులు వెల్డింగ్ చేసిన గట్టి ఇనప వల, వేయించాం. మొదట వెల్డింగ్ చేసినాయన మెష్‌ను బైండింగ్ వైరుతో కట్టి చేతులు దులుపుకున్నాడు. రెండు నెలలకే తుప్పు పట్టి ఊడింది. డబ్బు దండగ, పైగా మాటల యుద్ధం. మెష్‌ను ఫ్లాట్ పట్టీ కింద పెట్టి బోల్టులతో బిగించమని మీరు ముందే చెప్పండి. కింద నాలుగంగుళాల కాంక్రీటు పోయించండి. అది కుదరకపోతే మెష్‌నే గూడు బయట అడుగున్నర వెడల్పున నేల మీద పరిచి మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, మెష్ అడ్డు తగలగానే విసిగి పోతుంది. అడుగు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. చెక్క ఎక్కడా వాడకండి. కోళ్లు ఎక్కి పడుకునే దండె ఒక్కటి కర్రది, అదీ నెలకోసారి తీసి ఎండలో పెడతాం.

గడియ గురించి ఒక మాట. ఇక్కడి కోతులు మామూలు గడియను తీసేస్తాయి. కళ్లారా చూశాను, తీసి గుడ్డు పట్టుకుని నా వైపు చూసి మరీ తిన్నది. గడియకు స్ప్రింగు కొక్కెం తగిలించండి.

పైకప్పు మెష్ ఎందుకంటారా, చిరుత కోసం. బెంగళూరు చుట్టుపక్కల కోళ్లకు, కుక్కలకు ఎలుగుకన్నా దానితోనే ముప్పు. 2016 ఫిబ్రవరిలో కుందలహళ్లి వైపు ఒక స్కూల్లోకే చిరుత దూరింది. మనమేమో బన్నేరుఘట్ట అడవి పక్కనే కూర్చున్నాం. కోడి గల్లంతై, ఈకల చార దూరంగా పొదల దాకా ఉంటే ముంగిసను తిట్టుకోవద్దు. ఏమీ విరగకుండా గుడ్లే మాయమైతే పాము అనుకోండి. చాలా కోళ్లు చచ్చి ఒక్కటీ తినకుండా ఉంటే ఊరకుక్కలు.

ఇక కరెంటు కంచె. వేయించుకోవచ్చు, మేమూ 2021లో గూడు చుట్టూ వేయించాం. చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీ, తీగలోకి ఆగి ఆగి షాకు పంపే ఎనర్జైజర్ మిషను, తీగలు, ఇన్సులేటర్లు కలిపి 22 వేలు అయింది. కానీ వైరు లాగి ఇంటి కరెంటు నేరుగా తీగకు ఇవ్వడం మాత్రం కలలో కూడా వద్దు. మన ఊళ్లలో పందుల కోసమని అట్లా పెట్టి, తెల్లారి నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనుషులు పోయిన సంగతులు మీరూ వినే ఉంటారు. ఎలుగుబంటి చస్తే అది వేరే కథ. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నది, చంపితే 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు. ఎనర్జైజర్ అయితే సెకనుకు కాస్త అటూ ఇటూగా ఒకసారి, కన్నుమూసి తెరిచేలోపు ఒక దెబ్బ కొట్టి ఆగుతుంది. చుర్రుమంటుంది, ప్రాణం తీయదు. ఎలుగుల కోసమని అమెరికాలో కనీసం 0.7 జౌల్ మిషను పెట్టమంటారు, జౌల్ అంటే ఒక్కో దెబ్బ బలానికి కొలత. ఐదు తీగలైనా ఉండాలి, అట్టడుగుది నేలకు ఎనిమిది అంగుళాల పైన, అక్కడి నుంచి పది అంగుళాలకు ఒకటి. ఒంటి నిండా జుట్టు కదా, దెబ్బ ముక్కుకు తగిలితేనే దానికి తెలుస్తుంది. అందుకే అక్కడ తీగకు అల్యూమినియం రేకు చుట్టి వేరుశనగ వెన్న రాసి, నాకించి మరీ పాఠం చెబుతారట. నేను ఆ పని చేయలేదు. రాని అతిథికి విస్తరి వేసినట్టు అనిపించింది.

ఈ కంచెలో అందరూ మరిచిపోయేది ఎర్తింగు. మార్చి నుంచి మే దాకా నేల ఎండి బీటలు వారితే దెబ్బలో పస ఉండదు. ఎర్తు రాడ్డు దగ్గర వారానికి రెండుసార్లు బకెట్టు నీళ్లు పోస్తాం. వానాకాలంలో మళ్లీ కిందితీగకు గడ్డి తగిలి పవరంతా గడ్డిలోకే పోతుంది, పదిహేను రోజులకోసారి కోయాల్సిందే. ఈ రెండూ చేసే ఓపిక లేకపోతే ఆ డబ్బు పెట్టి మెష్ ఇంకాస్త మందంది వేయించుకోండి, నా మటుకు అదే మేలు.

మీరు ప్రశ్నలో అడగని విషయం ఒకటి ఉంది, నాకు అన్నిటికన్నా టెన్షన్ అదే. కోళ్లు అరవగానే కర్ర పుచ్చుకుని చీకట్లోకి పరిగెత్తకండి. ఈ జంతువుకు మనం వస్తున్నట్టు దగ్గరికి వచ్చేదాకా తెలియదు. తెలిసేసరికి బెదిరి మీద పడుతుంది, పడితే తల, ముఖం. పిల్లలను వీపు మీద మోసుకు తిరిగే తల్లి అయితే ఇంక చెప్పక్కర్లేదు. గూడు గట్టిగా ఉంటే తెల్లారేదాకా దాని మానాన దాన్ని వదిలేయండి. కోళ్లను ఆరింటికల్లా మూసి, బాగా వెలుగొచ్చాకే తీయండి. బయట లైటు స్విచ్చి ఇంట్లో ఉండాలి. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే ఇద్దరు వెళ్లండి, గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి. మా ఆయన గొంతెత్తి పాట అందుకుంటాడు, ఎలుగు సంగతేమో గానీ నేను మాత్రం లోపలికి వచ్చేస్తాను. ఎదురైతే వెన్ను చూపి పరిగెత్తకుండా మెల్లగా వెనక్కి జరగండి. కుక్కను రాత్రి విప్పి ఉంచకండి. అది ఎలుగు మీదికి పోతుంది, తిరిగి మీ కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది, వెనకాలే అదీ వస్తుంది. పటాకులూ అంతే, బెదిరిన ఎలుగు ఎటు పరిగెడుతుందో ఎవరి చేతిలోనూ లేదు. రోజూ వస్తుంటే కర్ణాటక అటవీశాఖ 1926 నంబరుకు చెప్పండి. అడుగుల పక్కన ఒక పెన్ను పెట్టి ఫొటో తీసి ఉంచుకుంటే వాళ్లకు సైజు తెలుస్తుంది.

ఆఖరుగా, గూడు పక్కన ఎక్కడైనా చెదపుట్ట ఉందేమో చూడండి. మాకు ఉంది, పాత గూటికి పదిహేను అడుగుల్లో. దాన్ని తవ్వించేద్దామని మా ఆయన అంటే పెద్దాయన ఒప్పుకోలేదు. చుట్టుపక్కల వాళ్లు నాగర పంచమికి అక్కడే పాలు పోస్తారు. నాకూ చేతులు రాలేదు, మన నాగుల చవితికి నేను వెళ్లేదీ అక్కడికే. అందుకని గూటినే ఇంటివైపు మార్చాం, వంటింటి కిటికీలోంచి కనిపించేట్టు. ఎలుగు ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు వస్తుంది. కంచెకు ఆనుకుని నడిచిన అడుగులు కనిపిస్తాయి, అవి నేరుగా పుట్ట దగ్గరికి పోతాయి. కిందటి చవితికి వెళ్లేసరికి పుట్టకు ఒక పక్క కొత్తగా తవ్విన గొయ్యి ఉంది, మట్టి ఇంకా తడిగానే ఉంది. రెండో పక్క పాలు పోసి వచ్చాను. అప్పటికి పొద్దెక్కి పది దాటింది లెండి, తెల్లవారుజామున పుట్ట దగ్గరికి వెళ్లే అలవాటు మానేసి చాలా ఏళ్లయింది.