ముప్పు అన్నదెవరు?

శ్రీకాకుళం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 'దేశ భద్రతకు ముప్పు ఏర్పడింది' అన్న మొదటి వాక్యం దగ్గరే నా ఎర్ర పెన్సిలు ఆగింది. ఆ మాట అన్నదెవరో, ఏ హోదాలో, ఎవరిని ఒప్పించడానికి అన్నారో వ్యాసమంతా వెతికినా దొరకలేదు.

భద్రత అన్న భావనను అధ్యయనం చేసిన ఓలే వేవర్, బారీ బుజాన్ వంటి కోపెన్‌హాగన్ వర్గం పండితులు 1990లలో చెప్పింది ఇదే: 'ఇది మన మనుగడకే ప్రమాదం' అని అధికారంలో ఉన్నవారు ప్రకటించడమే ఒక చర్య, వినేవారు దానికి తలూపితే మామూలు రోజుల్లో ఎవరూ ఒప్పుకోని పనులకు కూడా దారి దొరుకుతుంది. ఆ తలూపడాన్ని నువ్వు పూర్తిగా వదిలేశావు. 2003 ఫిబ్రవరి 5న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్, ఇరాక్ దగ్గర మారణాయుధాలున్నాయంటూ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఒక చిన్న సీసా ఎత్తి చూపించాడని రాశావు, బాగుంది. కానీ యుద్ధానికి అనుమతిస్తూ ఆ మండలి తీర్మానం చేయలేదు. అమెరికా కాంగ్రెస్ మాత్రం 2002 అక్టోబరులోనే బలప్రయోగానికి అనుమతి ఇచ్చేసింది. ఇరాక్ ముప్పు అన్న ఒకే మాటకు ఒక సభ లొంగింది, ఇంకొకటి లొంగలేదు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

అలాగని అంతా మాటల గారడీ అని తేల్చేయకు, ఈ విషయం కొత్తగా చదివినవారికి ఆ తొందర ఎక్కువ. 1962లో క్యూబాలో సోవియట్ క్షిపణులు నిజంగానే ఉన్నాయి. అయినా అమెరికా అధ్యక్షుడు కెనెడీ, క్యూబాకు ఆయుధాల ఓడలు చేరకుండా తన నౌకాదళం అడ్డుకుంటున్న పనిని 'దిగ్బంధం' అనకుండా 'క్వారంటైన్' అన్నాడు, ఎందుకంటే అంతర్జాతీయ న్యాయం ప్రకారం దిగ్బంధం యుద్ధచర్య.

ఇంత దూరం ఎందుకు? గుజరాత్‌లోని వేరావల్ పడవల్లో కూలికి వెళ్లిన మన వైపు మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించింది. వాళ్లకు అది వేట. పట్టుకున్న దేశానికి సరిహద్దు ఉల్లంఘన. నీళ్ల మీద గీత కనబడదు కనుక ఆ రెండు మాటల మధ్యనే ఏడాదికి పైగా జైలు గడిచింది.

తిరగరాసే ముందు ఎచ్చెర్ల తీరానికి ఒకసారి వెళ్లిరా. వలలు బాగుచేసుకునే వేళ పక్కన కూర్చుంటే వాళ్లే మాట్లాడతారు. వాళ్ల మాటలను పత్రికా భాషలోకి మార్చకుండా, విన్నవి విన్నట్టు రాసుకుని వచ్చే ఆదివారం తీసుకురా. మిగతా పేజీలు అప్పుడు చూద్దాం.

మీ అన్నయ్య