ఎక్స్-రే డిటెక్టర్లు తయారు చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. అంతరిక్ష టెలిస్కోపులకు ఎక్స్-రే డిటెక్టర్లు తయారు చేస్తానంటోంది. మేం సీఎస్ఈ అనుకుంటున్నాం. అందులో భవిష్యత్తు ఉంటుందా? – ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఉంటుందండీ. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్-కిరణాలు వాతావరణం దాటి కిందికి రావు కాబట్టి డిటెక్టరే పైకి వెళ్లాలి. శ్రీహరికోట నుంచి 2015లో ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ అలా వెళ్లిన మన ఉపగ్రహాలే. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్), బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల మనవాళ్లే వాటికి పరికరాలు చేశారు. యూరప్ తలపెట్టిన న్యూఎథీనా అనే ఎక్స్-రే అంతరిక్ష టెలిస్కోపుకు ఇంకా సున్నితమైనవి కావాలి.

పని ఎలా ఉంటుందో ముందు అమ్మాయికి తెలియాలి. సిలికాన్ డిటెక్టరును వాక్యూమ్ చాంబర్‌లో చల్లబరిచి, ఎదురుగా ఐరన్-55 అనే రేడియోధార్మిక పదార్థం పెడతారు. దాన్నుంచి వచ్చే 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ఫోటాన్ (ఎక్స్-రే కణం) ఒక్కోటీ సిలికాన్‌లో సుమారు 1,600 ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. ఫోటాన్ శక్తి తెలియాలంటే వాటిని లెక్కపెట్టాలి. సర్క్యూట్ నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అనవసరపు విద్యుత్ అలజడి) వంద ఎలక్ట్రాన్లకు చేరిందంటే, ఐరన్-55 గ్రాఫ్‌లో 5.9, 6.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర విడిగా కనిపించాల్సిన రెండు గీతలూ కలిసిపోతాయి. ఆ నాయిస్ ఎర్తింగ్‌లోదా, కేబుల్‌దా, యాంప్లిఫయర్‌దా అని వెతకడంలోనే వారాలు గడిచిపోతాయి. ఆ ఓపిక ఉన్నవాళ్లకే ఈ రంగం.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోగానీ హైదరాబాద్ ఐఐటీలోగానీ ఇంజనీరింగ్ ఫిజిక్స్ చూడండి. రాకపోతే ఆ సీటు కోసం లాంగ్ టర్మ్ పెట్టించొద్దు. తిరుపతిలో ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ ఉంది. ల్యాబ్ బాగున్న కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చదివి, ఎమ్మెస్సీకి జామ్, పీహెచ్‌డీకి జెస్ట్ అనే ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. ఈసీఈ కూడా మంచి దారే, డిటెక్టర్ సిగ్నల్‌ను చదివే సర్క్యూట్లకు వాళ్లు కావాలి. సీఎస్ఈ చదివితే డేటా వైపు వెళ్లగలదు గానీ ఈ ల్యాబ్ బెంచి దగ్గరికి రావడం కష్టం. అందుకే నేనైతే వద్దంటాను.

పీహెచ్‌డీ అయ్యేసరికి 27, 28 ఏళ్లు వస్తాయి. అప్పటిదాకా ఫెలోషిప్పే ఆధారం. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల జీతాలతో దయచేసి పోల్చకండి, పిల్లలకు అంతకు మించిన టెన్షన్ లేదు. తక్కువ నాయిస్ సర్క్యూట్లు చేయడం వస్తే మెడికల్ స్కానర్లు, చిప్పుల కంపెనీల్లోనూ పని దొరుకుతుంది.

ఇంటర్ పరీక్షలయ్యాక ఒక సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, ఫోటోడయోడ్ (వెలుతురును కరెంటుగా మార్చేది), ఆప్-యాంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్పు) కొనిపెట్టండి. యాంప్లిఫయర్ కట్టి, ఇంటి కరెంటు నుంచి చేరే నాయిస్‌ను తగ్గించమనండి. రెండో వారం కూడా తనంతట తనే కూర్చుంటోందంటే వెబ్ ఆప్షన్లలో సీఎస్ఈ కన్నా పైన ఈసీఈ పెట్టండి.