శైలి గురించి రాసేటప్పుడు

అమ్మాయీ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. పేరు యూదు వలస రచయితల శైలి అని పెట్టావు గానీ, సగానికి పైగా ఓడ ప్రయాణం, న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసిన ఎల్లిస్ దీవి, దర్జీ షాపుల కష్టాలే ఉన్నాయి. 1881 నుంచి 1924 దాకా తూర్పు యూరప్ నుంచి సుమారు 20 లక్షల మంది యూదులు అమెరికా చేరారని ఒక్క ముక్కలో చెప్పేసి, వాక్యాల దగ్గరికి వచ్చెయ్.

ఏ సంభాషణ చదువుతున్నా, వీళ్ళు ఇప్పుడు ఏ భాషలో మాట్లాడుకుంటున్నారో ముందు చూసుకో. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా ఇళ్ళలో నడిచేది తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్. హెన్రీ రాత్ 1934లో రాసిన 'కాల్ ఇట్ స్లీప్' తీసుకో. చిన్న పిల్లాడు డేవిడ్ తల్లితో యిడ్డిష్‌లో మాట్లాడుతుంటే, రాత్ దాన్ని నిండైన, అందమైన ఇంగ్లీషులో రాస్తాడు. వాడు వీధిలోకి వెళ్ళి నిజంగా ఇంగ్లీషు మాట్లాడితే మాత్రం స్పెల్లింగులన్నీ ముక్కలు చెక్కలు! పైకి చదివితే తప్ప అర్థం కావు. వాడు తప్పిపోయిన ఘట్టం మళ్ళీ చదువు. తన వీధి పేరు తనకు తెలిసినట్టు పలుకుతాడు, అది ఏ వీధో పోలీసులకు అంతుపట్టదు. వ్యాసంలో ఈ ఒక్క ఘట్టానికే రెండు పేజీలు ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

అబ్రహం కాహన్ దారి వేరు. 'యెక్ల్' (1896)లో పాత్రల యిడ్డిష్ మధ్య దొర్లే ఇంగ్లీషు మాటల్ని ఇటాలిక్స్‌లో వేయించాడు. ఆ మాటలు మాత్రం ఏరి కాగితం మీద రాసుకో. యెక్ల్ అన్న పేరు జేక్ అని మార్చుకున్న భర్త నోట ఎన్ని, ఊరి నుంచి కొత్తగా దిగిన భార్య నోట ఎన్ని, కథ ముందుకెళ్ళే కొద్దీ ఎలా మారాయో చూడు.

ఇక అన్జియా యెజియెర్స్కా. 'బ్రెడ్ గివర్స్' (1925)లో ఆవిడది సరిగా రాని ఇంగ్లీషు అన్నావు. అది కొట్టెయ్. ఆవిడ కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో చదువుకున్న మనిషి. ఆ యిడ్డిష్ నడక కావాలని ఎంచుకున్నదే. ఆవేశం, ఆశ్చర్యార్థకాలు నాకూ కాస్త ఎక్కువే అనిపిస్తాయి, ఆ మాట నువ్వు ధైర్యంగా రాయొచ్చు. పక్కనే మరో వలస రచయిత్రి మేరీ ఆంటిన్ ఆత్మకథ 'ది ప్రామిస్డ్ లాండ్' (1912) నుంచి ఒక పేరా పెట్టు, ఆ తీర్చిదిద్దిన ఇంగ్లీషుతో తేడా తెలిసిపోతుంది.

యెజియెర్స్కా భాగం తిరగరాసి ముందు నాకు పంపు. ఎల్లిస్ దీవి పేజీలు డిలీట్ చెయ్యకు, వేరే ఫైల్లో పెట్టుకో. వైవాలో ఎవరో ఒకరు అడుగుతారు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న