యూఎన్ కార్డు ఉన్నా రోహింగ్యాలను అక్రమ వలసదారులని ఎందుకంటారు?

హైదరాబాద్ బాలాపూర్‌లో ఉంటున్న రోహింగ్యాల (మయన్మార్ నుంచి వచ్చిన ముస్లింలు) దగ్గర యూఎన్ కార్డులున్నాయి, ప్రభుత్వమేమో అక్రమ వలసదారులంటోంది, ఏది నిజమని అడిగారు. రెండూ నిజమే, చిక్కంతా అక్కడే ఉంది.

1951 శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. మనకు శరణార్థుల చట్టమూ లేదు. టిబెటన్లను, శ్రీలంక తమిళులను ప్రభుత్వమే నేరుగా చూసుకుంటుంది. మయన్మార్ నుంచి వచ్చినవాళ్లను మాత్రం ఢిల్లీలోని యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) నమోదు చేసుకుని, ఇంటర్వ్యూ చేసి కార్డు ఇస్తుంది. ఆ కార్డు వీసా కాదు. కోర్టులో చూపించుకోవడానికి ఒక ఆధారం, అంతే.

అసలు పనికొచ్చేది లాంగ్ టర్మ్ వీసా. 2011 డిసెంబరులో హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మతం, జాతి వంటి కారణాలతో వేధింపుల భయం ఉందని తేలితే ఇస్తారు. ఏడాదికోసారి పొడిగించుకోవాలి. దాంతో ప్రైవేటు ఉద్యోగం, చదువు కుదురుతాయి. అయితే రోహింగ్యాలను గుర్తించి వెనక్కి పంపాలని 2017 ఆగస్టులో రాష్ట్రాలకు కేంద్రం రాశాక, వాళ్లకు ఈ దారి దాదాపు మూసుకుపోయింది.

ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. వీసా లేదు కాబట్టి బ్యాంకు ఖాతా రాదు, సిమ్ రాదు. ఎవరో బ్రోకరు స్థానిక చిరునామాతో ఆధార్ చేయిస్తానంటాడు. అంతవరకూ అనుమతి లేకుండా వచ్చారన్న కేసే ఉంటుంది, ఆధార్ తీసుకున్నాక తప్పుడు పత్రాల కేసు కూడా మెడకు చుట్టుకుంటుంది. శరణార్థినని చెప్పే మాటను జడ్జి నమ్మడం అప్పుడింకా కష్టం. ఎంత ఇబ్బందైనా ఆ పని చేయొద్దని చెప్పండి.

2021 ఏప్రిల్ 8న జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదీ: సమానత్వం, జీవించే హక్కుల గురించిన 14, 21 అధికరణలు అందరికీ వర్తిస్తాయి, కానీ దేశం నుంచి పంపించేయకుండా ఉండే హక్కు దేశంలో ఎక్కడైనా నివసించే హక్కునిచ్చే 19(1)(ఇ)తో ముడిపడింది, అది పౌరులకే. పంపాలంటే మాత్రం నిర్ణీత విధానం పాటించాలి. ఆ విధానంలో మొదటి మెట్టు, వీళ్లు మావాళ్లేనని మయన్మార్ ధ్రువీకరించడం. తన 1982 పౌరసత్వ చట్టంతో వాళ్లను కాదన్న దేశం ఆ మాట ఎందుకంటుంది? అందుకే నిర్బంధం ఏళ్ల తరబడి సాగుతుంది.

సీఏఏ (పౌరసత్వ సవరణ చట్టం) గురించీ అడిగారు. పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవాళ్లకే అది. మయన్మార్ జాబితాలోనే లేదు. 2025 సెప్టెంబరు ఉత్తర్వులో ఆ మూడు దేశాల మైనారిటీలకు గడువు 2024 డిసెంబరు 31 అని ఉండటంతో చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. ఆ ఉత్తర్వు సరైన పత్రాలు లేకుండా ఉన్నందుకు పడే శిక్ష నుంచి మినహాయింపు మాత్రమే, పౌరసత్వం ఇవ్వదు. దేశాన్ని బట్టి, మతాన్ని బట్టి ఉత్తర్వులిచ్చే ఈ పద్ధతి కంటే ఒకే చట్టం నయమని నా అభిప్రాయం. 2015లో శశి థరూర్ అలాంటి ప్రైవేటు బిల్లే పెట్టారు, ముందుకు కదల్లేదు.

ఇంకోటి. వేరే దేశం పునరావాసానికి ఒప్పుకున్నా విమానం ఎక్కడానికి ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) నుంచి ఎగ్జిట్ పర్మిట్ కావాలి. వీసా లేకుండా వచ్చినవాళ్ల ఫైలు ఆగేది ఎక్కువగా అక్కడే. కార్డులో, ఇతర కాగితాల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ముందే సరిచూసుకోమనండి.