బంతి గోల్ మీదుగా పోతుంటే ముందు నిలబడే కాలు చూడండి

కావలిలో సాయంత్రం పూట ఆరేళ్ల పిలకాయల నుంచి నలభై దాటిన పెద్దోళ్ల దాకా ఒకే గుంపుగా ఫుట్‌బాల్ ఆడుతున్నామనీ, అందరూ బొటనవేలితోనే తన్నుతున్నారనీ, గట్టిగా తంతే బంతి గోల్ మీదుగా పోతోందనీ రాశారు. ఏ వయసు వాళ్లకి ఎట్లా నేర్పాలని మీ ప్రశ్న. నెల్లూరు, ఒంగోలు వైపు గ్రౌండ్లలో నేర్పేవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి చెబుతున్నా. మీరంతా తన్నే కాలు చూస్తున్నారు. తప్పు ఎక్కువగా పుట్టేది రెండో కాలి దగ్గర.

కుడికాలితో తన్నేవాడికి ఎడమపాదం బంతికి సరిగ్గా పక్కన దిగాలి. మధ్యలో 15 నుంచి 20 సెంటీమీటర్ల సందు, అంటే జానెడు కన్నా కాస్త తక్కువ. చిన్న పిలకాయలకి 10 చాలు. వేళ్లు బంతి పోవాల్సిన వైపు చూడాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. ఈ పాదం బంతికి వెనకగా దిగిందా, ఒళ్లు వెనక్కి వాలుతుంది. తన్నే పాదం పైకి లేచే దారిలో ఉన్నప్పుడు బంతి తగులుతుంది, అదీ కింది సగంలో. మీ వాళ్ల బంతి గోల్ మీదుగా పోయేది ఇందుకే. బలం ఎక్కువై కాదు. పాదం మరీ దగ్గరగా పడితే కాలు ఊపడానికి చోటుండదు, దెబ్బ చచ్చుగా పడుతుంది. మరీ దూరంగా పడితే బంతిని అందుకోవడానికి ఒళ్లు పక్కకి ఒరిగి, దెబ్బ ఓరగా పడి, బంతి తిరుగుతూ పోతుంది. వేళ్లు పక్కకి తిరిగి ఉంటే తుంటి కూడా అటే తిరుగుతుంది, ఇక బంతి ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

ఇది కంటితో పట్టుకోవడం కష్టం, అంతా అరక్షణంలో అయిపోతుంది. మనకి సముద్రం దగ్గర కాబట్టి ఒక సౌకర్యం ఉంది. మైపాడు గానీ కొత్తపట్నం గానీ వెళ్లినప్పుడు, అలలు వచ్చిపోయే చోట గట్టిపడిన తడి ఇసుక మీద బంతి పెట్టి తన్నించండి. తన్నాక పిలకాయని పక్కకి జరగమని, ఇసుకలో ఎడమపాదం అచ్చు చూడండి. బంతి ఆనిన గుంటకి పక్కన పడిందా, వెనక పడిందా, వేళ్లు ఎటున్నాయి, అన్నీ అక్కడే కనిపిస్తాయి. మడమ గుంట లోతుగా ఉండి వేళ్ల దగ్గర పైపైన ఉంటే ఒళ్లు వెనక్కి వాలిందని అర్థం. పొడి ఇసుకలో మాత్రం వద్దు, పాదం కూరుకుపోయి అచ్చు చెదిరిపోతుంది. గ్రౌండ్‌లో అయితే ముగ్గుపిండితో బంతి పక్కన ఒక పాదం గీయండి, అందులో కాలు పెట్టి తన్నమనండి. మాటలతో చెప్పేదానికన్నా ఆ గీత త్వరగా పనిచేస్తుంది.

రెండో సంగతి చీలమండ. బంతి తగిలేటప్పుడు అది బిగుసుకుని ఉండాలి. పాదం వదులుగా వేలాడితే తగిలిన దెబ్బకి పాదమే వెనక్కి పోతుంది, తొడలోంచి వచ్చిన బలం అక్కడే ఆగిపోతుంది. ‘బిగించు’ అంటే పిలకాయలకి అర్థం కాదు. కూర్చోబెట్టి, పాదాన్ని మీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిలించబోండి, కదలనివ్వద్దని చెప్పండి. ఆ బిగువు ఏంటో వాళ్లకే తెలుస్తుంది.

మొదట నేర్పాల్సింది లోపలి వైపుతో ఇచ్చే పాస్. తన్నే కాలి తుంటిని బయటికి తిప్పి, పాదాన్ని నిలబడే పాదానికి అడ్డంగా పెట్టాలి. వేళ్లు కాస్త పైకి లేచి ఉండాలి. బొటనవేలి మొదలుకీ మడమకీ మధ్య, లోపలి గిలక కింద ఉండే వెడల్పాటి చోటుతో బంతి నడుముని కొట్టాలి. కొట్టాక పాదం బంతి వెంటే కొంచెం దూరం పోవాలి, తగలగానే ఆపేయకూడదు. సరిగ్గా తగిలిందో లేదో చూడాలంటే పాదం లోపలి వైపు తడి ముగ్గుపిండి పూయండి. బంతి మీద వెడల్పాటి మరక పడాలి. చిన్న చుక్క పడిందంటే వేళ్లే తగిలాయి.

గట్టి షాట్ లేసులు కట్టే చోటుతో, అంటే పాదం పైభాగంతో కొట్టాలి. బంతి దగ్గరికి నేరుగా కాకుండా పక్క నుంచి 30 నుంచి 45 డిగ్రీల ఓరగా రావాలి, మూడు నాలుగు అడుగులు చాలు. ఆఖరి అడుగు మిగతా వాటికన్నా పొడుగ్గా ఉండాలి, తుంటి వెనక్కి తెరుచుకుని కాలు ఊపడానికి చోటు దొరికేది అక్కడే. వేళ్లు నేలకేసి చూస్తూ చీలమండ బిగించాలి. తగిలే క్షణంలో తన్నే కాలి మోకాలు బంతి పైన ఉండాలి, చూపు బంతి మీద ఉండాలి. కుడికాలితో కొడితే ఎడమచెయ్యి పక్కకి తెరుచుకుని ఒంటిని నిలుపుతుంది, దాన్ని కట్టేసినట్టు ఉంచబాకండి. కొట్టాక అదే కాలి మీద ముందుకు దిగితే బరువంతా బంతిలోకి పోయినట్టే. కొట్టి వెనక్కి తూలాడంటే మళ్లీ నిలబడే పాదం దగ్గరికే వెళ్లాలి.

కావాలనే బంతిని ఎత్తాలంటే ఇదంతా కొంచెం మారుస్తాం. నిలబడే పాదం బంతికి కాస్త వెనక, ఒళ్లు కాస్త వెనక్కి, దెబ్బ బంతి కింది భాగంలో. తిరిగే బంతికి నడుమ కాకుండా పక్కన కొట్టాలి. ఈ రెండూ తర్వాతి సంగతులు, నేల షాట్ కుదిరాకే.

బొటనవేలి తన్ను పూర్తిగా తప్పేమీ కాదు, ఇరుకు చోట గోల్ ముందు కాలు ఊపే వీల్లేనప్పుడు పనికొస్తుంది. కానీ తగిలే చోటు చాలా చిన్నది, వెంట్రుకవాసి తేడా వచ్చినా బంతి వేరే వైపు పోతుంది. గోరు నల్లబడేది కూడా దాంతోనే. పిలకాయలు అట్లా తన్నడానికి అసలు కారణం ఒకసారి కింద చూస్తే తెలుస్తుంది: ఉత్త కాళ్లు, గట్టి 5వ నంబరు బంతి. లేసుల చోటుతో కొడితే నొప్పి, అందుకని వేళ్లు ఎత్తేస్తారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన జట్టులో చాలామంది బూట్లు లేకుండానే ఫ్రాన్స్ మీద ఆడి 2-1 తేడాతో ఓడారు, కాబట్టి ఉత్త కాళ్లతో ఆడలేరని కాదు. నేర్చుకునే పిలకాయకి మాత్రం ముందు మెత్తటి బంతి ఇవ్వండి.

బంతి సైజు దగ్గర పీనాసితనం వద్దు. 8 ఏళ్ల లోపు 3వ నంబరు, 8 నుంచి 12 దాకా 4వ నంబరు, ఆపైన 5. నిబంధనల ప్రకారం 5వ నంబరు బంతి చుట్టుకొలత 68-70 సెంటీమీటర్లు, బరువు 410-450 గ్రాములు. ఆరేళ్ల కాలికి అది బండరాయే. లోపలి గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి. పిలకాయలకి ఆ కింది అంకె దగ్గరే ఉంచండి.

ఇక వయసులు. 6 నుంచి 8 ఏళ్ల వాళ్లకి లోపలి వైపు పాస్ ఒక్కటే, 5 మీటర్ల దూరంలో రెండు రాళ్లు మీటరు ఎడంగా పెట్టి వాటి మధ్య నుంచి పంపడం. ఒకసారికి ఒకే మాట చెప్పండి, ‘వేళ్లు అటు పెట్టు’ అని, అంతే. రెండు కాళ్లతో సమానంగా తన్నించడానికి ఇదే మంచి వయసు. గట్టిగా కొట్టమని కేకలెయ్యబాకండి, బలం అడిగితే పద్ధతి పోతుంది.

9 నుంచి 12 మధ్య చెప్పింది చెప్పినట్టు ఒంటికి పడుతుంది. లేసుల షాట్ ఇక్కడ మొదలుపెట్టండి. ముందు బంతిని చేతుల్లోంచి వదిలి పాదం పైభాగంతో మెల్లగా తన్ని మళ్లీ పట్టుకోవడం, బంతి తిరక్కుండా రావాలి. తర్వాత నేల మీద పెట్టి ఒక్క అడుగుతో, ఆ తర్వాతే మూడు అడుగులతో.

13 నుంచి 16 వాళ్లతో జాగ్రత్త. ఆరునెలల్లో పొడుగు సాగిపోతారు, నిన్నటిదాకా బాగా కొట్టినవాడు ఇవాళ బంతి తప్పుతాడు. తిట్టబాకండి, కాళ్ల పొడుగు మారితే కొలతలన్నీ మారతాయి. మోకాలి చిప్ప కింద, ముంగాలి ఎముక మొదట్లో బొడిపెలా వాచి నొప్పి అంటే అది ఆస్‌గుడ్ ష్లాటర్ కావచ్చు. ఎదిగే వయసులో ఎక్కువ తన్నులు, పరుగులు, గెంతుల వల్ల వస్తుంది. గట్టి షాట్లు ఆపి డాక్టరుకి చూపించండి. నొప్పి లేకపోయినా ఒక పూటలో పూర్తి బలంతో కొట్టేవి 20-25 దాటనివ్వకండి, మిగతావి పాస్‌లు.

నలభై దాటిన వాళ్లకి కష్టం పద్ధతి దగ్గర కాదు, తుంటి దగ్గర. పొద్దంతా కుర్చీలో కూర్చున్న ఒంటితో వచ్చి మొదటి బంతినే గోల్‌కి కొడతారు, తొడ ముందు కండరమో గజ్జో పట్టేస్తుంది. ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ఉంది, 15 వ్యాయామాలు, 20 నిమిషాలు, 14 ఏళ్లు దాటిన ఆటగాళ్ల కోసం తయారైంది. అది చేయించి, 10 మీటర్ల పాస్‌లతో మొదలుపెట్టి, ఆ తర్వాతే గోల్‌కి 11 మీటర్ల దూరంలో ఉండే పెనాల్టీ చుక్క దగ్గరికి రానివ్వండి. వెనక్కి ఊపు సగానికి తగ్గించమనండి. పాదం సరిగ్గా పడితే ఆ సగం ఊపుతోనే బంతి వలలో పడుతుంది. పెద్దోళ్లు ఇది నమ్మరు, చేయించి చూపించాల్సిందే.

ఆగిన బంతి కుదిరాక కదిలే బంతి. ముందుకి దొర్లిపోతున్న బంతిని కొట్టాలంటే నిలబడే పాదం బంతిని దాటి కాస్త ముందు దిగాలి, కాలు ఊగి వచ్చేలోపు బంతి అక్కడికి చేరుతుంది. ఎదురొచ్చే బంతికి తొందరపడి ముందుకెళ్లకుండా పాదం దించి దాన్ని రానివ్వాలి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి గ్రౌండ్ జారుతుంది, అప్పుడు ఆఖరి అడుగు పొట్టిగా వెయ్యమనండి. ఎండాకాలం నల్లరేగడి బీటలిచ్చి ఇనుములా ఉన్నప్పుడు పొడుగు స్టడ్ల (అడుగున ఉండే బొడిపెల) బూట్లు వద్దు. పాదం ఇరుక్కుని మోకాలు మెలిపడుతుంది. పొట్టి రబ్బరు స్టడ్లవి తీసుకోండి, లేసు ముడి పాదం మధ్యలో కాకుండా బయటి పక్కకి కట్టమనండి, ముడి మీద బంతి తగిలితే దారి తప్పుతుంది.