తల తిరిగితే ‘ఈ వయసులో మామూలే’ అని వదిలేయకండి

ప్రశ్న: నా వయసు 47. ఏడాదిన్నరగా నెలసరి గాడి తప్పింది. ఒక్కోసారి రెండు నెలలు రాదు, వచ్చిందంటే పది రోజులు విపరీతంగా అవుతుంది. నాలుగు నెలల నుంచి కళ్లు తిరుగుతున్నాయి. మొన్న ఆఫీసులో మెట్లు దిగుతూ తూలి, రెయిలింగ్ పట్టుకుని ఎలాగో ఆగాను. మా అత్తగారు ఈ వయసులో ఇదంతా మామూలే అంటారు. మావారేమో నువ్వు అతిగా ఆలోచిస్తున్నావు అంటారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వేసుకుంటున్నాను. ఒంటరిగా బయటికి వెళ్లాలంటే భయం, రాత్రిళ్లు ఏదైనా పెద్ద జబ్బేమో అని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీరు అతిగా ఆలోచించడం లేదండీ. మెట్ల మీద తూలిన మనిషి భయపడకపోతేనే ఆశ్చర్యపోవాలి. మీ అత్తగారి మాటలో కొంత నిజముంది, ఈ వయసులో తల తిరగడం చాలామంది ఆడవాళ్లకు వస్తుంది. కానీ చాలామందికి వస్తుంది కదా అని కారణం వెతక్కుండా వదిలేస్తే, తేలిగ్గా తగ్గే దాన్ని కూడా నెలల తరబడి భరించాల్సి వస్తుంది. నేను కౌన్సెలర్‌ని, మందులు రాయాల్సింది డాక్టరే. అయితే డాక్టర్ దగ్గర ఏం చెప్పాలో, ఏం అడగాలో మీకు తెలిస్తే సగం పని అయినట్టే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది ఆ ‘పది రోజులు విపరీతంగా’ అన్న మాట. మీరు దాన్ని దారిలో చెప్పేసి వెళ్లిపోయారు, నేను మాత్రం అక్కడే ఆగాను. ఏడు రోజులు దాటి రక్తస్రావం అవుతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా అది ఎక్కువే. అలా నెలల పాటు రక్తం పోతే ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటిపోతాయి, దాంతో నీరసం, ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం అన్నీ మొదలవుతాయి. కాబట్టి హిమోగ్లోబిన్‌తో పాటు, ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయమని అడగండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు, అది బాగానే ఉన్నా ఫెరిటిన్ పడిపోయి ఉండొచ్చు. ఐరన్ మాత్రలు రాస్తే కాస్త ఓపిక రాగానే ఆపేయకండి, హిమోగ్లోబిన్ మామూలు స్థితికి వచ్చాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు వాడమంటారు. అసలు ఇంత రక్తం ఎందుకు పోతోందో గైనకాలజిస్టు చూడాలి. 45 దాటాక ఇలా అయితే స్కానింగ్ చేస్తారు, అవసరమైతే గర్భాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ మాట వినగానే హడలిపోకండి, నిర్ధారించుకోవడం కోసం చేసే పరీక్ష అది.

ఇక తల తిరగడం సంగతి. మీకు ఎలా తిరుగుతోందో రాయలేదు, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. కూర్చున్న చోటే గది మొత్తం గిర్రున తిరుగుతోందా? లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతున్నాయా? లేక నడుస్తుంటే కాలు నిలదొక్కుకోనట్టు పక్కకు తూలుతున్నారా? ఒక్కోదానికి ఒక్కో దారి ఉంటుంది.

పక్క మీద అటు నుంచి ఇటు తిరిగినప్పుడో, పైనున్న అలమర వైపు తలెత్తినప్పుడో ఒక్కసారిగా గిర్రున తిరిగి, నిమిషంలోపే తగ్గిపోతే చాలాసార్లు సమస్య చెవి లోపల ఉంటుంది. లోపలి చెవిలో సన్నని ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. అవి ఉండాల్సిన చోటు నుంచి జారి పక్క గొట్టంలోకి వెళితే, మనం కదలకపోయినా కదిలినట్టు మెదడుకు కబురు వెళుతుంది. వయసు పెరిగేకొద్దీ, అందులోనూ ఆడవాళ్లలో, ఇది ఎక్కువ. ఈఎన్‌టీ డాక్టరో, దీనిలో శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టో మిమ్మల్ని పడుకోబెట్టి తలను ఒక వరుసలో తిప్పి ఆ రేణువుల్ని వెనక్కి పంపుతారు. చాలామందికి ఒకటి రెండు సార్లతోనే తగ్గిపోతుంది. వీడియో చూసి మీరే చేసుకోకండి, ఏ చెవిలో సమస్య ఉందో ముందు తేలాలి.

లేవగానే బైర్లు కమ్ముతుంటే పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడమనండి. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే కారణం దొరికినట్టే. బీపీ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, కానీ వాటిని మీ అంతట మీరు ఆపొద్దు. థైరాయిడ్, షుగర్ పరీక్షలు కూడా హిమోగ్లోబిన్ కోసం రక్తం తీసినప్పుడే అయిపోతాయి.

మైగ్రేన్ ఉన్నవాళ్లకు నెలసరి ఆగిపోయే ముందు వచ్చే ఈ దశ ఇంకాస్త కష్టం. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ సాఫీగా తగ్గిపోకుండా ఒక నెల పైకి, ఒక నెల కిందికి ఊగిసలాడుతుంది, మైగ్రేన్‌కు ఆ ఊగిసలాటే పడదు. తలనొప్పి లేకుండా తల తిరగడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం కూడా మైగ్రేనే కావచ్చు. ఒళ్లంతా సెగలు కమ్మి చెమట పట్టే వేడి ఆవిర్లప్పుడు, రెండు మూడు రాత్రులు నిద్ర కరువైనప్పుడు కూడా తల దిమ్ముగా ఉంటుంది. హార్మోన్ మాత్రల గురించి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వాటిని ఒట్టి తల తిరగడానికని ఇవ్వరు. ఆవిర్లు, రాత్రి చెమటలు బాగా బాధిస్తుంటే ఉపయోగపడతాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తనాళాల్లో గడ్డలు కట్టినవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. మీ విషయంలో రక్తస్రావం సంగతి తేలేవరకు ఆ ఆలోచన వద్దు.

షాపు మాత్రలు మాత్రం దయచేసి ఇక చాలించండి, స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. తల తిరగడానికి ఇచ్చే మాత్రలు గిర్రున తిరిగే ఆ నాలుగు రోజులకే. నెలల తరబడి వేసుకుంటే మత్తుగా ఉంటుంది, పైగా మెదడు తనంతట తాను సర్దుకోవడం ఆలస్యమవుతుంది.

మీ భయం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అది వేరే కథ కాదు. మళ్లీ తిరుగుతుందేమో అనుకోగానే ఊపిరి వేగం పెరుగుతుంది, వేగంగా ఊపిరి తీస్తే నిజంగానే తల తేలిపోతుంది, దాంతో భయం రెట్టింపు. ఇది భ్రమ కాదు, ఒంట్లో జరిగేదే. అలాంటప్పుడు కూర్చుని, ఎదురుగా కదలని వస్తువు మీద చూపు నిలిపి, ఊపిరి లోపలికి తీసుకున్న దానికంటే నిదానంగా బయటికి వదలండి. బయటికి వెళ్లడం పూర్తిగా మానేస్తే భయం ఇంకా ముదురుతుంది. మొదట ఎవరినైనా వెంటబెట్టుకుని కొంచెం దూరం, తర్వాత ఒక్కరే. కారణం తేలేవరకు బండి మాత్రం నడపొద్దు.

తల తిరగడంతో పాటు మాట ముద్దగా వచ్చినా, మూతి ఒక పక్కకు జరిగినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా ఇక ఆలోచించొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే ఆ రోజే ఈఎన్‌టీకి చూపించండి.

మీవారితో వాదించకండి. ‘నాకు భయంగా ఉంది, డాక్టర్ గదిలోకి నువ్వూ రావాలి’ అని సూటిగా అడగండి. ఎన్ని రోజులు రక్తం పోతోంది, ఎప్పుడు తల తిరుగుతోంది అని డాక్టర్ అడుగుతుంటే, మీరు జవాబు చెబుతుంటే పక్కన కూర్చుని వింటే ఆయనకే తెలుస్తుంది. అత్తగారు మిమ్మల్ని చులకన చేయాలని అలా అని ఉండకపోవచ్చు, ఆవిడ కాలంలో ఇలాంటివి అడిగేవాళ్లే లేక నోరు మూసుకుని భరించి ఉంటారు.

అపాయింట్‌మెంట్ దొరికే లోపు ఒక కాగితం మీద తేదీ, ఎప్పుడు తిరిగింది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది, నెలసరి ఎన్నో రోజు, ఇవి రాసుకుంటూ ఉండండి. రక్తపరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి. డాక్టర్ ఏమన్నారో, అప్పటికీ మీకు ఏ విషయంలో భయం మిగిలిందో నాకు మళ్లీ రాయండి.